గిన్నె అడుగున షోరోఖోవ్ ముద్ర

రష్యాలోని కోస్త్రమా పట్నం అంగడి వరుసల్లో గ్లాఫీరా వెండి మరమ్మతు చేసే గది ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. విరిగిన చెంచాలు అతుకుతూ, చెడగొడుతూ, మళ్ళీ అతుకుతూ నేర్చుకుంది. ఆమెది వోల్గా ఒడ్డున వెండిపనివాళ్ళ ఊరు క్రాస్నొయే. ఆ ఊరివాళ్ళు విందుకు పిలిచినా సరే, చెంచా వెనక ముద్ర చూసుకున్నాకే సూప్‌లో ముంచుతారు.

ఆమె తాత సవ్వాతి షోరోఖోవ్ అక్కడి పనివాడే. సహకార సంఘాలు వచ్చాక సొంత ముద్రలు కొట్టడం ఆగిపోయింది. ఆయన చేసిన వస్తువు ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. మిగిలింది ముద్ర కొట్టే ఉక్కు అచ్చు ఒక్కటే. దాని మీద ఆయన పేరు పొడి అక్షరాలు రెండు. రెండోది రష్యన్ 'ష', దానికి మూడు నిలువు కాళ్ళు, చివరి కాలి కొస విరిగింది.

ఆ చలికాలం మ్యూజియం నుంచి రీమ్మా ఒక చక్కెర గిన్నె తెచ్చింది. పాత వెండి ప్రదర్శనలో పెట్టాలట, పిడి ఊడింది. గ్లాఫీరా గిన్నె అడుగు చూసింది. అక్కడి ముద్రలో అదే పొట్టి కాలు! నల్ల రొట్టె ముద్ద పిసికి, దాని మీద తాత ముద్ర ఒత్తి పక్కన పెట్టింది. రెండూ ఒకటే.

పక్క దుకాణం వేనియమిన్ తల దూర్చాడు. "ఏం పిన్నీ, రొట్టెక్కూడా ముద్ర కొడుతున్నావా?"

"మా తాతయ్యదిరా ఇది!"

"అయితే ఆయన పేరే రాయిస్తాను గ్లాఫీరా," అంది రీమ్మా. "ఊళ్ళో ఆయన పనితనం ఇదొక్కటే దొరికింది."

గ్లాఫీరా గిన్నెను దీపం కిందికి జరిపింది. తాత ముద్ర, వెండి స్వచ్ఛత చెప్పే ఎనభైనాలుగు అంకె, దాని పక్కన సర్కారు ముద్రైన ఆడమనిషి తల, అన్నీ ఒకే వరుసలో ఇరుక్కుని ఉన్నాయి. చెంచా కాడ మీదైతే చోటు లేక అలా కొడతారు. ఇంత వెడల్పు అడుగున ఎందుకు? వెండి మీద నోటితో ఆవిరి ఊదింది. ఆవిరి ఆరుతుంటే ముద్రల చుట్టూ సన్నటి గీత నిలిచింది.

"పేరున్న వెండిలా అమ్ముకోడానికి ఎవరో చెంచా కాడ కోసి ఇక్కడ అతికారు. ముద్ర తాతయ్యదే. గిన్నె కాదు."

"ఊరుకో పిన్నీ! గాజు పెట్టెలో ఉన్నదాని మీద ఎవడొచ్చి ఊదుతాడు?"

"ఈ వంకర అంచు చూడు. ఇది మా తాత చేశాడంటే ఆయన ఊరుకుంటాడా?"

రీమ్మా నిట్టూర్చింది. "గిన్నె తీసేస్తే ఆయన పేరూ పోతుంది. నా దగ్గర ఇంకేం లేదు."

గ్లాఫీరా గిన్నెను బల్ల మీద బోర్లా తిప్పింది. జీవితమంతా వెతికిన పేరు అది.

"తీయొద్దు. బోర్లించి పెట్టు," అంది చివరికి. "ముద్ర ఉన్న ముక్క షోరోఖోవ్ చెంచాది, గిన్నె ఎవరిదో తెలియదు అని రాయి. అతుకు అందరికీ కనబడేలా నేను తోమి ఇస్తాను."

"మా డైరెక్టరు గుండె ఆగిపోతుంది!"

"ఆగితే ఇక్కడికి పట్టుకురా, అతుకుతాను."

ప్రదర్శనలో జనం నగిషీ పళ్ళేలు దాటి వచ్చి ఆ బోర్లించిన గిన్నె దగ్గర వంగి నిలబడ్డారు. క్రాస్నొయే నుంచి వచ్చిన ఒక ముసలాయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, పక్కనే ఉన్న గ్లాఫీరా వైపు తిరిగాడు.

"కాడ దొరికింది సరే, మిగతా చెంచా ఏదమ్మా?"

"వెతుకుతున్నాను తాతా," అంది గ్లాఫీరా. "మీ ఇంట్లో చెంచాలన్నీ ఒకసారి తీసుకురండి."