ఆరు మీటర్ల లోతున తాతయ్య

ఎల్వుడ్ విల్లిస్ వారంలో ఐదు రోజులు అమెరికా తూర్పు తీరంలోని మోర్‌హెడ్ సిటీలో స్కూలు బస్సులు బాగుచేస్తాడు. శనివారం మాత్రం సముద్రానిది. మునిగిపోయిన ఓడల్ని చూడటానికి ముప్ఫై ఏళ్ళుగా దిగుతున్నాడు. కుర్రతనంలో ఒక్కసారి, ఆగాల్సిన చోట ఆగకుండా పైకి వచ్చేశాడు. సోడా సీసా మూత తీసినట్టు ఒంట్లో బుడగలు లేచాయి. ఇప్పటికీ వాన ముందు ఎడమ భుజం సలుపుతుంది.

ఆ శనివారం యాభై మీటర్ల నుంచి ఆగుతూ ఆగుతూ ఎక్కి, ఆరు మీటర్ల దగ్గర చివరి మజిలీకి చేరాడు. ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు అక్కడే ఉండాలి. తను పైకి వదిలిన నారింజ రంగు గాలిసంచి తాడు పట్టుకుని ప్రవాహంలో సాగిపోతున్నాడు. ఆ సంచి వెనకాలే పడవ.

తాడు వెంట ఓ పలక జారుతూ వచ్చింది. పడవ నడిపే గిల్లికిన్ చేతిరాత: "మార్సీ ఆస్పత్రిలో ఉంది. ఇప్పుడో ఇంకాసేపట్లోనో అంటున్నారు."

మార్సీ అతని కూతురు. నెలలు నిండటానికింకా మూడు వారాలుంది. ఎల్వుడ్‌కి ఊపిరి వేగం హెచ్చింది. వెలుతురు చేతికందేంత దగ్గర్లో ఉంది. తెలియకుండానే కాళ్ళు ఆడించాడు. రెండు మీటర్లు ఎక్కేసరికి మణికట్టు మీద లోతూ సమయమూ లెక్కగట్టే యంత్రం కీచుమంది. పళ్ళు బిగించి మళ్ళీ దిగాడు. ఎలా ఉందని రాసి, పైకి లాక్కోమన్నట్టు పలకకు కట్టిన దారం లాగాడు.

జవాబు వచ్చింది: "బాగానే ఉంది. మొగుణ్ణి తిడుతోందట. నువ్వు ముందే పైకొస్తే గడప తొక్కనివ్వనంది వెర్నా."

భార్య మాటకు నవ్వొచ్చి ముఖానికి బిగించిన అద్దాల తొడుగులోకి నీళ్ళు దూరాయి.

పదకొండు నిమిషాలు మిగిలి ఉండగా పలక మళ్ళీ దిగింది. "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. కదలకు, తాతా."

నాలుగుసార్లు చదివాడు. చెప్పుకోవడానికి మనిషి లేడు. పక్కనే కదలకుండా తేలుతున్న బరాకుడా చేపకు పలక తిప్పి చూపించాడు. అది పళ్ళు బయటపెట్టుకుని చూసింది. ఎవరి పోలికని పైకి రాసి పంపితే, ఫోన్లో తనకేం కనపడుతుందని గిల్లికిన్ విసుక్కుంటూ రాశాడు. మిగతా నిమిషాలన్నీ ఎల్వుడ్ తాడు చుట్టూ గిరగిరా తిరుగుతూ గడిపాడు.

నిచ్చెన ఎక్కి పడవలోకి రాగానే గిల్లికిన్ అతని తడి చెవికి శాటిలైట్ ఫోను ఆనించాడు.

"ఎన్ని నిమిషాలు ఆగావు?" వెర్నా అడిగింది.

"అన్నీ."

"అయితే విను."

గిల్లికిన్ ఇంజను ఆపేశాడు. పసిదాని ఏడుపు పడవంతా వినిపించింది.