చేతికట్టు బావమరిది

2023 వేసవి. పర్చూరు దగ్గర ఒక పాత థియేటర్లో నేను ఆపరేటర్‌ని. ఇప్పుడు రీళ్లు లేవు. సినిమా అంతా సర్వర్ అనే కంప్యూటర్లో ఉంటుంది. ఆట నడుస్తుండగానే ముందుకు జరిపేయొచ్చు. ఆ సుఖమే నా కొంప ముంచింది.

ఆ వారం ఆడుతున్నది పెళ్లింట్లో నగలు పోయే కథ. సగం నవ్వులు, సగం సస్పెన్స్. మిరపకాయలకు తొడిమలు తీసే కోటమ్మక్క తన జట్టుతో మ్యాట్నీకి వచ్చింది. ఆవిడకి సినిమా పిచ్చి. ఇలాంటి సినిమా ఏదొచ్చినా ఇంటర్వెల్‌లో నా దగ్గరకొచ్చి దొంగెవరో చెప్పేస్తుంది. ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు మొదట్లోనే కరెంటు పోయి ఆట పావుగంట ఆగింది. ఊళ్లకెళ్లే బస్సు దాటిపోతుందని మేనేజర్ తొందరపెట్టాడు. వట్టి కామెడీయే కదా అని విందు సీను మొత్తం ఎగరగొట్టాను.

ఇంటర్వెల్‌లో కోటమ్మక్క వంటవాడే దొంగ అంది. తీరా చూస్తే దొంగ, చెయ్యి విరిగిందని కట్టుతో తిరిగే బావమరిది. "అక్కకి వయసైపోయిందే!" అని జట్టంతా ఒకటే ఆటపట్టించడం. ఆవిడ మాత్రం నవ్వలేదు. మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"తమ్ముడూ, ఈమజ్జ పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతన్నా. మా అమ్మక్కూడా ఇట్టానే మొదలైంది. చివరికి నన్నే ఎవరివే అనడిగింది. నా బుర్ర గూడా పోతందేమో."

బస్సు హారన్ కొడితే వెళ్లిపోయింది. అనుమానంతో పైకెళ్లి ఆ సీను వేసి చూశాను. గారెల పళ్లెం జారితే బావమరిది కట్టున్న చేత్తోనే గభాల్న పట్టుకుంటాడు. వారమంతా ఆ సీనుకి నవ్విన నేనూ ఆ కట్టు వట్టి నాటకమని గమనించలేదు.

పొద్దున్నే మిరప కళ్లానికి వెళ్లాను. "తప్పు నాదక్కా, సీను కోసేశాను" అన్నాను.

"నన్ను ఓదార్చటానికి చెప్తన్నావులే" అంది, తొడిమలు తీస్తూనే.

బతిమాలి, మ్యాట్నీకి ముందు సౌండ్ సరిచూసుకునే వేళకి జట్టు మొత్తాన్నీ రప్పించి ఆ సీను వేశాను. గారెలు జారాయో లేదో, కోటమ్మక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇది నిన్న వెయ్యలేదు! ఒట్టు, ఈ గారెలు నేను చూళ్లేదు! మీరూ చూళ్లేదు గదే?"

"లేదక్కా, లేదు" అన్నారు అందరూ.

"ఒరేయ్, రాత్రంతా నిద్రలేదురా నాకు!" అని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నన్ను తిట్టింది. ఆ తిట్లు వింటుంటే నా ప్రాణం కుదుటపడింది.

ఇలాంటి సినిమాలో గుట్టంతా నవ్వుల్లోనే దాస్తారని, సినిమా పిచ్చివాళ్లు వెతుక్కునేది దాన్నేనని ఇరవయ్యేళ్ల సర్వీసులో నాకప్పుడు తెలిసింది. ఇప్పటికీ ఆట ఆలస్యమైతే వెళ్లి బస్సు డ్రైవర్ని బతిమాలుకుంటాను. బొమ్మ మీద మాత్రం చెయ్యి వెయ్యను.