పాత ఇంటి దినాలు

“ఏమయ్యా, ఈ మిద్దె పోసి ఆరు దినాలే గదా? అప్పుడే కట్టెలు ఊడదీస్తావా?”

“కాగితంలో ఇరవై అని ఉండాది. కంప్యూటర్ కన్నా నీ కడవల లెక్క పెద్దదా? పో, పోయి నీళ్లు తే.”

మా ఆయనకూ నాకూ అవే చివరి మాటలు. ఆయనే మేస్త్రి. తాగి దినాలు తప్పు లెక్కపెట్టాడని కాంట్రాక్టరు ఆఫీసువాళ్లు అన్నారు. మా ఊరు గుడియాత్తమంతా నమ్మింది. అది అబద్ధమని కాగితం మీద నిలవాలనే నీ చేత ఇది రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. మా మరిది కూతురివి, తెలుగు చదివినదానివి నువ్వే.

మిద్దె కింద కట్టెలు నిలబెట్టడం, ఊడదీయడం ఆయన పని. పోసిన నాటినుంచి మొదటి కట్టె మీద రోజుకొక బొగ్గు గీత గీసేవాడు. గీతలు నిండి మిద్దె గట్టిపడితేనే కట్టెలు ఊడదీసేవాడు. ఇంకో ఇంటికి పోయేముందు తడి గోనెతో పాత గీతలన్నీ తుడిచేవాడు. తుడవని కట్టెను బండి ఎక్కనిచ్చేవాడు కాదు.

వేలూరులో కాంట్రాక్టరు ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. ఏ ఇంటికి ఎన్ని దినాలైందో కాగితం రావడం మొదలైంది. “ఇంక చేతికి మసి ఎందుకే?” అని నవ్వి బొగ్గు పారేశాడు. ఆ ఇంటి మొదటి కట్టె మీద ఒక్క గీతా లేదు. నీళ్లు మోస్తూ దాని పక్కనుంచి పోయినప్పుడల్లా గీతల కోసం చూసేదాన్ని. ఆరు పొద్దులు పోశాను నీళ్లు. మిద్దె ఇంకా ఆరక పచ్చిగా, నల్లగానే ఉంది.

ఆ పొద్దు ఆయన పొమ్మన్నాక పోయి కొళాయి కింద కడవ పెట్టాను. లోపల సుత్తి దెబ్బ. ఇంకొకటి. మూడోది సుత్తి చప్పుడు కాదు. తలుపు పెట్టని వాకిట్లోంచి దుమ్ము మెల్లగా నా వైపు వచ్చింది. కడవ పొర్లుతూనే ఉంది.

ఆయన కర్మలయ్యాక నువ్వు వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నావు. ఆ ఆఫీసు కంప్యూటర్‌లో దినాల పేజీలు చేసింది నువ్వే.

“పెద్దమ్మా, అన్ని ఇండ్లకూ ఒకటే అచ్చు పేజీ. దినాల లెక్క సున్నా చేసే మాటను కొత్త ఇంటికల్లా నడిచే ఆ అచ్చులో పెట్టకుండా బయట పెట్టినా. కంప్యూటర్ మొదట వేసినప్పుడు ఒక్కసారే సున్నా అయింది. కొత్త ఇంటికి పేజీ తెరిచినా పాత ఇంటి పద్నాలుగు అట్లే ఉండాది. దాని మీదనే ఆరు ఎక్కింది.”

“పాతది తుడవలేదా?”

“తుడవలేదు పెద్దమ్మా.”

ఆయన నా మాట వినలేదు, అదీ రాయి. కానీ తాగలేదు. లెక్క ఆయనది కాదు, నీది. ఇందాక ‘నీది’ అన్న మాట రాసేకాడ నీ చేయి ఆగింది, చూశాను. ఏదీ, మొదటినుంచి చదువు అమ్మా. ఒక్క మాటా దాటకుండా చదివి వినిపించు.