తలపాగా జరీతో నిలిచిన తంతి

1877 వేసవిలో నన్ను నెల్లూరు తంతి ఆఫీసు నుంచి ఉదయగిరికి సిగ్నలరుగా మార్చారు. ధాత కరువు అప్పటికి రెండో ఏట పడింది. మెట్ట ప్రాంతంలో గంజి కేంద్రాలు తెరిచారు. ఏ కేంద్రానికి ఎప్పుడు బియ్యం కావాలో పైవాళ్లకు వెంటనే తెలియాలని ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా తాత్కాలికంగా ఒక తీగ లాగారు. సిగ్నలరంటే మీట నొక్కి వార్త పంపేవాడు, అవతలివాడి మీట శబ్దం విని అక్షరాలు రాసుకునేవాడు. శాఖలో అన్నిటికన్నా కింది మెట్టు అది. నా పై ఇన్స్పెక్టరు నెల్లూరులో ఉండేవాడు. ఉదయగిరిలో శాఖ మనిషిని నేనొక్కణ్ణే. తాలూకా కచేరీ పక్క గదిలో ఒక బల్ల, యంత్రం, బ్యాటరీ జాడీలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు పట్నాలలో విద్యుద్దీపాలున్న ఇళ్లవాళ్లకు ఫ్యూజు అనే మాట తెలుసు. ఆ రోజుల్లో మేము దాన్ని సన్నతీగ అనేవాళ్లం. బయటి తీగ గదిలోకి రాగానే నేరుగా యంత్రానికి పోదు. గోడ మీద ఒక చెక్కపలక, దాని మీద రెండు ఇత్తడి మరలు, ఆ రెంటి మధ్య జానెడు సన్నతీగ. కరెంటు దాని గుండానే యంత్రంలోకి వెళ్లాలి. యంత్రం లోపల ఇనుప కడ్డీ చుట్టూ పట్టు కప్పిన రాగితీగ లెక్కలేనన్ని చుట్లు ఉంటుంది. దారిలో ఎక్కడ పిడుగు పడినా దాని జోరు తీగ వెంట పరుగెత్తుకొస్తుంది. పట్టలేనంత కరెంటు వచ్చినప్పుడు తీగ వేడెక్కి కరుగుతుంది. అన్నిటికన్నా సన్నటిది ముందు కరుగుతుంది. అది కరిగితే దారి తెగిపోయి లోపలి చుట్టు బతుకుతుంది. సన్నతీగ మార్చడం క్షణాల పని. చుట్టు కాలితే మాత్రం యంత్రం మద్రాసు పోవాలి, బాగై తిరిగి రావడానికి వారాలు పట్టవచ్చు.

ఆ ఏడు వేసవి చివర ఉదయగిరి కొండ మీద రోజూ మబ్బు పట్టేది. ఉరిమేది, మెరిసేది, చినుకు మాత్రం పడేది కాదు. జనం ఆకాశం వైపు చూడటం కూడా మానేశారు. ఆ మెరుపులకు నా సన్నతీగలు వరసగా కరిగిపోయాయి. కొత్త చుట్ట పంపమని నెల్లూరుకు రాశాను. బండెద్దులే చచ్చిపోతున్న రోజులు, అది రావడం ఆలస్యమైంది. చివరికి పలక మీద ఉన్న ముక్క ఒక్కటే మిగిలింది.

ఒక మధ్యాహ్నం రెవిన్యూ ఇన్స్పెక్టరు సీతారామపురం నుంచి గుర్రం మీద వచ్చాడు. దుమ్ము కూడా దులుపుకోకుండా తాసీల్దారు గారి ఎదుట నిలబడ్డాడు. "అయ్యా, కేంద్రంలో బియ్యం రేపటి పొద్దుటి గంజికే ఉండాది. దుత్తలూరు మీదుగా రావలసిన బండ్లు రాలేదు. జనం చెట్ల కింద పడుకోనుండారు, లేచి పోయే ఓపిక లేదు" అన్నాడు.

బండ్లు ఆత్మకూరులో ఆగి ఉన్నాయని ఆ పొద్దున్నే నాకు తంతిలో తెలిసింది. ఉదయగిరి నుంచి మాట రాకపోతే సాయంత్రానికి వాటిని చేజర్ల వైపు మళ్లిస్తారు. మనిషిని పంపితే అతను ఆత్మకూరు చేరేసరికి బండ్లు ఉండవు. తాసీల్దారు గారు నా గదిలోకి వచ్చి, బండ్లను సీతారామపురం పంపమని వార్త చెప్పారు, నేను రాసుకుని మీట మీద చెయ్యి వేశాను. ఆత్మకూరు సిగ్నలరు జవాబిచ్చాడు. మొదటి మాట పంపుతుండగా కొండ అవతల పెళ్లుమంది. పలక మీద తెల్లగా మెరిసింది. మీట నొక్కితే శబ్దం లేదు. రెండు మరల మధ్య ఏమీ లేదు.

నేను విషయం చెప్పాను. తాసీల్దారు గారు మూల ఉన్న లావు రాగితీగ చుట్ట చూపించారు. "అదిగో, తీగ ఉండాదే. కట్టు" అన్నారు.

కరువులో తాసీల్దారంటే ఆ తాలూకాకు సర్కారంతా ఆయనే. ఎవరికి పని, ఎవరికి గంజి, ఎవరిని ఉద్యోగంలోంచి తీసెయ్యాలి, అన్నీ ఆయన నోటిమాట మీద నడిచేవి. నాకు ఇరవై రెండేళ్లు. "కట్టగలనయ్యా, కట్టకూడదు" అన్నాను.

"ఏందయ్యా నువ్వు మాట్లాడేది?" అంటూ రెవిన్యూ ఇన్స్పెక్టరు ముందుకొచ్చాడు. "ఆడ మనుషులు చస్తుంటే నీకు మిషను ముద్దొచ్చిందా?"

తాసీల్దారు గారు అతణ్ణి చేత్తో ఆపారు. నా వైపు తిరిగి, "ఎందుకు కట్టకూడదో చెప్పు. నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నారు.

చెప్పాను. లావుతీగ కరగదనీ, ఇంకో మెరుపు వస్తే అది పిడుగు జోరును అలాగే లోపలికి పంపుతుందనీ, చుట్టు కాలితే ఈ వార్తే కాదు, ముందుముందు ఏ వార్తా పోదనీ చెప్పాను. మీట మీద నా చెయ్యి ఉంటుందని మాత్రం చెప్పలేదు. ఆయన బయట మబ్బు చూశారు. మెరుపులు ఇంకా దగ్గర్లోనే ఉన్నాయి.

"అంటే ఈడ కట్టేది లోపలిదానికన్నా సన్నంగా ఉండాల. ముందు పోయేది అదే కావాల. అంతేనా?"

"అంతే అయ్యా."

"రాగే కావాల్నా?"

"రాగే అక్కర్లేదయ్యా. వెండైనా పనికొస్తుంది. కానీ వెంట్రుకంత సన్నంగా ఎక్కడ దొరుకుతుంది?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి తలపాగా తీశారు. అది ఎంత పెద్ద సంగతో ఇప్పటివాళ్లకు తెలియదు. కచేరీలో కిందివాళ్ల ఎదుట అంతటి అధికారి ఉత్త తలతో నిలబడటం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. రెవిన్యూ ఇన్స్పెక్టరు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తాసీల్దారు గారు నేల మీద బాసిపట్టు వేసి కూర్చుని తలపాగా జరీ అంచును చాకు మొనతో విప్పసాగారు.

అప్పటి జరీ అసలు వెండిది. వెండిని వెంట్రుకలా సాగదీసి, అదిమి, బంగారు పూత పూసి పట్టుదారం చుట్టూ చుట్టేవారు. నేను పక్కన కూర్చుని దారం నుంచి ఆ వెండిపోగును విడదీశాను. పట్టు మిగిలితే అంటుకుంటుందని ఎక్కడా నూలుపోగంత కూడా ఉండనివ్వలేదు. పోగు తెగిపోతుంటే ఆయన విసుక్కోకుండా ఇంకో అంచు పట్టుకునేవారు. చివరికి జానెడేసి ముక్కలు మూడు చేతికొచ్చాయి. యంత్రంలోని చుట్టు కొసతో వేలి మీద పోల్చి చూశాను. జరీపోగే సన్నం.

ఒకటి మరలకు బిగించి ఆత్మకూరును పిలిచాను. జవాబు వచ్చింది. మెరుపులు తలమీద ఉన్నప్పుడు తీగను భూమికి కలిపి దూరంగా కూర్చోవాలని మా నిబంధన. ఆ రోజు దాన్ని పాటించలేదు. వార్త సగం పోయేసరికి మళ్లీ పిడుగు. టప్పుమని శబ్దం, పలక మీద నల్లటి మరక. నేను మీట మీది నుంచి చెయ్యి లాక్కున్నాను. బ్యాటరీని యంత్రానికి సూటిగా కలిపి చూశాను. టక్కుమంది. చుట్టు బాగానే ఉంది.

"బతికిందా?" అన్నారు తాసీల్దారు గారు.

"బతికిందయ్యా."

రెండో ముక్క ఆయనే అందించారు. వార్త మొదటి నుంచి పంపాను. అందిందని ఆత్మకూరు చెప్పింది. కాసేపటికి బండ్లు దుత్తలూరు దారి పట్టాయని ఇంకో మాట వచ్చింది. మూడో ముక్క ఆయన వేళ్ల మధ్యే ఉంది. అది నా బల్ల మీద పెట్టి, అంచు ఊడిన తలపాగాను మళ్లీ చుట్టుకుని కచేరీలోకి వెళ్లిపోయారు.

బండ్లు మర్నాడు పొద్దు వాలాక సీతారామపురం చేరాయి. ఒక పూట గంజి తప్పింది. కేంద్రం మూతపడలేదు. ఆ కరువులో చనిపోయినవాళ్లు లెక్కకు మించి ఉన్నారు, ఆ బండ్లు అందరినీ కాపాడాయని నేను చెప్పను. తర్వాత మా ఇన్స్పెక్టరు వచ్చి పలక చూసి, శాఖ ఇవ్వని తీగ ఎందుకు వాడావని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే తాసీల్దారు గారు లోపలికి వచ్చి, "అది నా తలపాగాలోది. అడగాల్సింది నన్ను" అన్నారు. మా ఇన్స్పెక్టరు ఆ సంగతి అక్కడితో వదిలేశాడు.

నేను చాలా ఏళ్లు తంతి శాఖలో పని చేసి, ఇన్స్పెక్టరుగా దిగిపోయాను. సన్నతీగ తెగిన ప్రతిచోటా చూసింది ఒకటే: పని ఆగిందని అందరికీ దాని మీదే కోపం వస్తుంది, లావుది కట్టమంటారు. తీగ తన పని తాను చేసిందని ఆ సమయంలో చెప్పేవాడు ఒకడుండాలి. చెబితే నిలబడి వినే అధికారి కూడా ఉండాలి. నాకు ఉద్యోగం మొదట్లోనే అటువంటి అధికారి దొరికాడు. అందువల్ల చెప్పడం నాకు అలవాటైంది.