కోటు లోపలి ఎనభై వేలు

కోర్టు వెనక వీధిలో నల్లకోట్లు కుట్టే దుకాణం ఒకటుంది. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. ముందు భాగంలో కటింగ్ మాస్టారు నిలబడి గుడ్డ కోస్తాడు. వెనక కిటికీ పక్కన ఆయన భార్య కూర్చుని కాజాలు కుడుతుంది. మాస్టారు కుట్టిన కోటు వేసుకుంటే గొంతు పెగలని లాయరు కూడా సింహంలా గర్జిస్తాడని ఆ వీధిలో పేరు. ఈ పేరు పుట్టించింది మాస్టారే. కానీ పాతికేళ్లలో ఎవరూ కాదనలేదు.

అలాంటి మనిషి ఫోను మోగితే ఉలిక్కిపడే స్థితికి వచ్చాడు. నాలుగేళ్ల కిందట ఓ పెద్ద హోటలు వాళ్లు ద్వారపాలకుల కోట్లు మూడు వందలు కుట్టమంటే, పర్సనల్ లోను తీసుకుని, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మెషీను కొన్నాడు. నూట పది కోట్లు కుట్టాక హోటలు చేతులు మారింది. కొత్త యజమానికి ద్వారపాలకులే వద్దు, తలుపు దానంతటదే తెరుచుకుంటే చాలట. తలుపు తెరుచుకుంది గానీ మాస్టారు కిస్తీలు ఆగిపోయాయి. కిస్తీ కట్టడానికి అదే బ్యాంకు క్రెడిట్ కార్డు గీకాడు. కార్డుకి నెలనెలా మినిమమ్ డ్యూ మాత్రం కట్టి, గండం గడిచిందనుకున్నాడు. నిజానికి వడ్డీ మీద వడ్డీ, దాని మీద జరిమానా చేరి, అప్పు పులిసిన పిండిలా గిన్నె దాటి పొంగింది. ఇప్పుడది రెండు లక్షల ముప్పై వేలు.

ఇంట్లో మాత్రం "ఇంకో యాభై వేలు, అంతే" అని చెప్పాడు. ఆ అంకె ఏడాదిన్నరగా అక్కడే నిలబడిపోయింది.

"ఏమండీ, పోయిన సంవత్సరం కూడా యాభై అనే కదా అన్నారు?"

"వడ్డీ ఉంటుందే, నీకు తెలీదు."

"ఓవర్‌లాక్ రిపేరు అయ్యిందా?"

"పార్టు రావాలి. పై దేశం నుంచి."

ఆ పార్టు ఓడలో వస్తుంటే ఈపాటికి భూగోళాన్ని రెండుసార్లు చుట్టి ఉండాలి. మెషీను ఎప్పుడో అమ్మేశాడు. అమ్మిన డబ్బుకి, బస్సు మానేసి నడిచి, మధ్యాహ్నం టీ మానేసి, జడ్జీల బంట్రోతుల యూనిఫారాలు కూడా ఒప్పుకుని మిగిల్చింది చేర్చాడు. పదకొండు నెలల్లో ఎనభై వేలు పోగయ్యాయి.

అది అకౌంట్లో వేయడానికి లేదు. వేసిన మరునిమిషం కిస్తీ బాకీ కింద బ్యాంకు దానంతటదే లాగేసుకుంటుంది. అలా రెండుసార్లు పోయింది. అసలు తగ్గలేదు. చివరికి బ్యాంకులో సెటిల్‌మెంట్ చూసే ఆఫీసరమ్మ ఓ దారి చెప్పింది: ఒకేసారి ఎనభై వేలు నగదు కడితే లోనూ కార్డూ రెండూ మూసేస్తారు. కానీ లెటరు పైనుంచి రావాలి. లెటరు చేతికి రాకుండా పైసా కట్టొద్దని కూడా ఆమే చెప్పింది. ఇంతకు ముందు ఫోన్లో ఎవడో ఏజెంటు తీయగా మాట్లాడి పదివేలు వేయించుకున్నాడు. ఆ పదివేలకి ఇప్పటికీ అయిపూ అజా లేదు.

లెటరు వచ్చేదాకా నగదు ఎక్కడ దాచాలి? బీరువా అంటే భార్య చూస్తుంది. చూస్తే లెక్కపెడుతుంది. లెక్కపెడితే యాభైకి ముప్పై ఎక్కువ. అప్పుడు మాస్టారుకి దర్జీ బుద్ధే పుట్టింది. దుకాణంలో పై కొక్కానికి రెండేళ్లుగా ఓ కోటు వేలాడుతోంది. వాయిదాల లాయరు గారిది. అడ్వాన్సు ఇచ్చి, ట్రయలు చూసుకుని, మళ్లీ రాలేదు. రోడ్డు మీద కనిపిస్తే "రేపు మాస్టారూ, రేపు" అనేవాడు. తనకి బ్యాంకు వాళ్లు చేసేది తలచుకుని మాస్టారు ఆయన్ని ఎప్పుడూ గట్టిగా అడగలేదు.

ఆ కోటు రొమ్ము దగ్గర లైనింగు విప్పాడు. లోపల గుర్రపు వెంట్రుకల కాన్వాస్ ఉంటుంది, ఛాతీ నిటారుగా నిలబడటానికి. దాని మీద ఐదు వందల నోట్లు వరుసకి పదేసి చొప్పున, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా పరిచి, కుడివైపు ఎనభై, ఎడమవైపు ఎనభై, జారకుండా పొడుగు కుట్లు వేశాడు. లైనింగు మూసేశాడు. ఎంతటి దొంగ వచ్చినా కనిపెట్టలేని పని. చేత్తో తడిమితే మంచి గట్టి ఛాతీ అనిపిస్తుంది, అంతే.

నెలాఖరు రోజు పొద్దున బ్యాంకు నుంచి కబురొచ్చింది. మాస్టారు వెళ్లాడు. ఆఫీసరమ్మ లెటరు చేతికిచ్చింది.

"ఇవాళ నాలుగు గంటలకి నగదు కౌంటరు మూస్తారు. ఈ లెటరు ఇవాళ వరకే చెల్లుతుంది. రేపు వస్తే నేనేం చెయ్యలేను, మళ్లీ రెండు లక్షల ముప్పైయే."

"గంటలో వస్తానమ్మా."

మాస్టారు దాదాపు పరుగెత్తుతూ దుకాణానికి వచ్చాడు. గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది, మొహం వెలిగిపోతోంది.

"ఏం చేశానో చెప్పుకోండి చూద్దాం!"

మాస్టారు కళ్లు పై కొక్కానికి వెళ్లాయి. కొక్కెం ఉంది. కోటు లేదు.

"వాయిదాల లాయరు వచ్చాడండీ. పాత కోటు చంకలో చిరిగిందట, ఇవాళ పెద్ద కేసుందట. ముందు బాకీ కట్టండి, తర్వాత కోటు అన్నాను. గిలగిల్లాడి కట్టాడు! రెండేళ్లుగా మీ వల్ల కానిది నేను రెండు నిమిషాల్లో…"

"ఎప్పుడు?"

"పదింపావుకి. ఏమిటండీ, మొహం అలా పాలిపోయింది?"

మాస్టారు బల్ల మీద కుట్లు విప్పే చిన్న కత్తి అందుకుని వీధిలోకి పడ్డాడు. భార్య దుకాణం తలుపు లాగి తాళం వేసి వెనకే పరుగెత్తింది. ఎందుకో తెలీదు. అలాంటి మొహంతో మొగుడు పరుగెడుతుంటే ఏ భార్య అయినా అంతే.

ఆ రోజు కోర్టులో ఎటు చూసినా నల్లకోట్లే. మెట్ల మీద, వరండాల్లో, క్యాంటీను ముందు, చెట్టుకి కాకులు వాలినట్టు. మొహాలు చూస్తూ పోతే సాయంత్రం అవుతుంది. మాస్టారు మొహాలు చూడటం మానేసి భుజాలు చూశాడు. తను కోసిన భుజం తనకి తెలియదా? కిందా మీదా రెండు అంతస్తులు తిరిగాడు. ఒకటిన్నరకి ఒక భుజం కనిపించి పరుగెత్తితే, అది నిరుడు కుట్టిన వేరే కోటు. ఆ లాయరు "ఏం మాస్టారూ, కోర్టులో నీకేం పని, ఎవడి జేబు కత్తిరించావు?" అని నవ్వాడు. మాస్టారు నవ్వలేదు.

రెండు దాటాక మూడో నంబరు హాల్లో దొరికాడు. అప్పటికే లేచి నిలబడి వాదిస్తున్నాడు. మాస్టారు, భార్య వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు.

కోటు అద్భుతంగా అమరింది. మామూలుగా గొణిగే మనిషి ఆ వేళ ఛాతీ విరిచి మాట్లాడుతున్నాడు. "నా క్లయింటు గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలడు!" అంటూ ఎడమ రొమ్ము మీద దబదబా బాదుకున్నాడు. బాదినప్పుడల్లా మాస్టారు గుండెలో నలభై వేలు అదిరాయి.

"ఏమైందో చెప్తారా లేదా?" భార్య చెవిలో అడిగింది.

"బయటికెళ్లాక."

గోడ గడియారంలో ముల్లు రెండున్నర దాటింది. మూడు కొట్టింది. లాయరు ఆపడే! ఎవరి మాటా ఇంతవరకు అంతసేపు వినని జడ్జి గారు ఆ వేళ శ్రద్ధగా వింటున్నారు. మాస్టారు ఒకసారి లేచాడు. బంట్రోతు కళ్లెర్రజేస్తే కూర్చున్నాడు. మూడూ పదికి జడ్జి గారు లేచారు.

వరండాలో లాయరుని పట్టుకున్నారు.

"లాయరు గారూ, ఒక్క నిమిషం. కోటు లైనింగు కొంచెం తప్పుపడింది. విప్పి సరిచేస్తాను."

"ఇంత బ్రహ్మాండంగా ఉంటేనా? ఐదో హాల్లో ఇంకో కేసుంది. రేపు పంపిస్తాలే."

"రేపు కాదండీ!"

"రెండేళ్లు ఆగావు, ఒక్క రోజు ఆగలేవా మాస్టారూ?"

లాయరు కదిలాడు. మాస్టారు దారికి అడ్డం నిలబడ్డాడు. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. సూది ఉండిపోయింది, గుచ్చుకుంటుంది అనొచ్చు. పక్కన భార్య ఉంది. గడియారం ఉంది. మాస్టారు ఆగిపోయాడు.

"ఆ కోటులో నా డబ్బుందండీ. నాలుగింటికి బ్యాంకులో కట్టకపోతే నా బతుకు బజారునపడుతుంది."

లాయరు కోటు తడుముకున్నాడు. అనుమానంగా చూశాడు.

"నేను బాకీ కట్టి తీసుకున్న కోటు. లోపలున్నది నీదని సాక్ష్యం ఏంటి?"

"ఎంతుందో చెప్తాను. విప్పి చూడండి. ఒక్క నోటు తేడా వచ్చినా అంతా మీరే ఉంచుకోండి."

"చెప్పు."

మాస్టారు భార్య వైపు చూడలేదు. "నూట అరవై నోట్లు. కుడివైపు నలభై వేలు, ఎడమవైపు నలభై వేలు. మొత్తం ఎనభై వేలు."

"ఎనభయ్యా?" అంది భార్య. అంతే.

లాయరు కోటు విప్పి వరండా బల్ల మీద పరిచాడు. మాస్టారు కత్తి పెట్టి తడిమాడు గానీ, తన కుట్టు మొదలు తనకే దొరకలేదు. అప్పుడు భార్య అతని చేతిలోంచి కత్తి తీసుకుంది. కాజాలు కోసే చెయ్యి. నాలుగు గాట్లలో కుట్లు విప్పేసింది. నోట్లు పొలుసు పొలుసుగా లేచాయి. చుట్టూ నల్లకోట్లు మూగాయి. లాయరే గట్టిగా లెక్కపెట్టాడు. నూట యాభై తొమ్మిది అన్నాక ఆగాడు. భార్య కాన్వాస్ అంచు ఎత్తి, దారానికి వేలాడుతున్న చివరి నోటు తెంపింది.

"నూట అరవై," అన్నాడు లాయరు. "పరుగెత్తండి. నేను చొక్కాతోనే వాదిస్తా. జడ్జి గారు జరిమానా వేస్తే నీ పేరు చెప్తా."

బ్యాంకు రెండు వీధుల అవతల. మూడూ నలభై ఎనిమిదికి కౌంటరు ముందున్నారు. క్యాషియరు ఒక నోటు వెలుగుకి పట్టుకుని చూశాడు. నోటు నిండా వరుసగా సూది రంధ్రాలు.

"ఏమిటివి? జల్లెడా?"

"కుట్టామండీ."

"నోట్లని కుట్టారా?"

లెక్కపెట్టే యంత్రం మొదటిసారి కట్ట మొత్తం ఉమ్మేసింది. రెండోసారీ ఉమ్మేసింది. ఆఫీసరమ్మ వచ్చి, గడియారం చూసి, "చేత్తో లెక్కపెట్టండి, చిరగలేదుగా," అంది. క్యాషియరు వేలు తడుపుకుంటూ లెక్కపెట్టాడు. నాలుగింటికి రెండు నిమిషాలుండగా రసీదు మీద ముద్ర పడింది. మాస్టారు ఆ ముద్ర మీద వేలు పెట్టి చూశాడు. సిరా అంటుకుంది.

బయట మెట్ల మీద కూర్చున్నారు ఇద్దరూ. భార్య వేళ్ల మీద ఏదో లెక్క వేసింది.

"ఓవర్‌లాక్ ఎంతకి అమ్మారు?"

"ఇరవై రెండు వేలకి."

"నడిచి వచ్చేది ఒంటికి మంచిదని కాదన్నమాట."

"కాదు."

"యాభై అన్నారు. ఎనభై తేలింది. అసలు ఎంత?"

"రెండు లక్షల ముప్పై."

ఆమె అతని మొహంలోకి తిన్నగా చూసింది, కాజా కొలిచేటప్పుడు చూసినట్టు.

"ఇంకేమైనా ఉందా? ఇప్పుడే చెప్పండి. రేపు చెప్తే నేను వినను."

లేదు అనడం సులువు. రసీదు చేతిలో ఉంది, సాయంత్రం చల్లగా ఉంది. మాస్టారు చొక్కా జేబులోంచి పర్సు తీసి, అడుగు అరలోంచి ఇంకో బ్యాంకు కార్డు బయటికి లాగి ఆమె ఒళ్లో పెట్టాడు.

"పన్నెండు వేల చిల్లర."

భార్య ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. తిట్టలేదు. ఏడవలేదు. కొంగులో ముడి వేసి, గట్టిగా బిగించింది.

"ఈ బ్యాంకు ఎన్నింటికి తెరుస్తారు?"

"పదింటికి."

"సరే. రేపు దుకాణం పదకొండింటికి తెరుద్దాం. నేనూ వస్తున్నాను," అని లేచి, అతను లేస్తాడా లేదా అని కూడా చూడకుండా మెట్లు దిగింది.