నా మొదటి కాసెట్, మా నాయన గట్టిమేళం

ఏడో తరగతి సగంలోనే నా చదువు పూర్తయింది. ఫెయిలయ్యానని కొందరంటారు. పరీక్షే రాయనివాణ్ణి ఎవరు ఫెయిల్ చేయగలరు? ఐరాల దగ్గర మా అమ్మకు అన్న ఉండేవాడు. చుట్టుపక్కల గుళ్ళలో, పెళ్ళిళ్ళలో నాదస్వరం ఆయనదే. ఆ మామ ఒకరోజు ఇంటికొచ్చి, సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు నా బుగ్గలు పట్టి లాగి చూశాడు.

"వీనికి ఊపిరి ఉండాది. అంతా మాటలకే ఖర్సు పెడతా ఉండాడు. నాకియ్యండి" అన్నాడు.

మామ పక్కన డోలు వాయించేది మా నాయనే. కాబట్టి పెద్దగా బేరం జరగలేదు.

మొదటి సంవత్సరమంతా నేను వాయించింది ఒక్కటే స్వరం: స. నిద్ర లేచి స, సంగటి తిని స. "మామా, రి ఎప్పుడు?" అంటే, "స నీ మాట వినినాక" అనేవాడు. ఇంట్లో భరించలేక నన్ను మామిడితోటకు తరిమారు. తోట కాపలా ఆయన మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "అబ్బోడా, రోజూ రాప్పా. నువ్వు ఊదితే ఒక్క చిలక కూడా కాయ మీద వాలదు" అన్నాడు. సంగీతంలో నాకు దొరికిన మొదటి మెప్పు అదే.

వేళ్ళు ఆడించడం వచ్చాక, మామ నన్ను దేవుడి ఊరేగింపుల్లో ముందు నిలబెట్టాడు. పల్లకీ వీధి మొదట్లో కదిలినప్పుడు మొదలుపెట్టిన రాగం, పల్లకీ మూల తిరిగేసరికి ముగియాలి. మధ్యలో తెగకూడదు, అవతలి వీధికి మిగలకూడదు. పల్లకీ మోసేవాళ్ళేమో ఒకరోజు నిదానంగా నడుస్తారు, మబ్బు పడితే పరుగు తీస్తారు. వెనక్కి తిరిగి చూస్తే మామ గద్దించేవాడు. "వాళ్ళ కాళ్ళు సూడొద్దు. ఆ బరువు నీ బుజాన ఉండాదనుకో. మూల యాడుండాదో అదే తెలుస్తాది." కొన్నాళ్ళకు నిజంగానే తెలియడం మొదలైంది.

ఆ తర్వాత పెళ్ళిళ్ళు. చిత్తూరులో మేం మెట్లెక్కని కల్యాణమండపం లేదు. పెళ్ళిలో మా నాయనే రాజు. తాళి కట్టే క్షణాన ఎవరైనా తుమ్మినా, పిల్లలు ఏడ్చినా వినపడకూడదని, పెద్దమనిషి ఒకాయన చూపుడువేలు గాలిలో ఆడిస్తాడు. అంతే, వాయిస్తున్నది ఎక్కడున్నా వదిలేసి గట్టిమేళం మోగించాలి. "వేలు లేసిందంటే నా సేతులు నా మాట కూడా వినవు" అనేవాడు నాయన, గొప్పగా.

తిరుపతిలో అలాంటి ఒక పెళ్ళికి, కొండకొచ్చే యాత్రికులకు కాసెట్లు అమ్మే దుకాణం ఆయన వచ్చాడు. భోజనాలయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

"వయసెంతప్పా నీకు?"

"పెండ్లికొడుకు కంటే నాలుగేండ్లు తక్కువ, తెలివి మాత్రం ఎక్కువ."

ఆయన నవ్వి, నా పేరుతో కాసెట్ వేస్తానన్నాడు. మద్రాసు నుంచి ఇంజనీరు, యంత్రం ఒక్కరోజుకే వస్తాయి. సాయంత్రానికి రెండు వైపులూ నిండితే కాసెట్, లేదంటే లేదు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. అంతకుముందు నాకు అలాంటి జబ్బు ఎప్పుడూ రాలేదు.

దుకాణం మీది గదిలో గోడలకు పరుపులు కొట్టారు. పక్కగదిలో ఇంజనీరు, దుకాణం ఆయన, మధ్యలో అద్దం కిటికీ. నేను, నాయన ఇవతల కూర్చున్నాం. తాళం వేయడానికి మామ. పొద్దున మొదటి వైపు మొదలుపెట్టాను. నా జన్మలో అంత బాగా వాయించలేదనిపించింది. రాగం అయింది, కీర్తన అయింది, స్వరాలు పరుగెత్తుతున్నాయి. టేపు ఇంకొక్క నిమిషమే ఉందని చెప్పడానికి, అద్దం వెనక ఇంజనీరు వేలు పైకెత్తి ఆడించాడు.

నాయన గట్టిమేళం అందుకున్నాడు.

నేనూ ఆగలేదు. పదేళ్ళ అలవాటు కదా, ఆ డోలు వింటే నా వేళ్ళూ అటే పరుగెత్తాయి. ఇంజనీరు మా వాయింపు వినడానికి చెవులకు పెట్టుకున్న గిన్నెలు పీకి పారేశాడు.

"ఎవరికయ్యా పెళ్ళి?" అంటూ లోపలికొచ్చాడు.

"నువ్వే కదా సామీ వేలు సూపించినావు!" అన్నాడు నాయన, డోలు మీద చేతులు తీయకుండానే.

వేలు ఎత్తనని ఇంజనీరు ఒట్టు పెట్టాడు. మళ్ళీ మొదటినుంచి. ఈసారి నేను పైస్థాయి అందుకోగానే దుకాణం ఆయనకు సంతోషం పొంగింది. అద్దం దగ్గర నిలబడి, 'భేష్' అన్నట్టు ఆయనే వేలు ఊపాడు. మళ్ళీ తాళి కట్టేశాం. అప్పటికి మధ్యాహ్నమైంది. ఇంజనీరు గడియారం చూసి, "ఇంకోసారి చెడితే రెండో వైపుకు టైముండదు" అని తేల్చేశాడు. నాకు నోరు ఎండిపోయింది. నాదస్వరం వాడికి నోరు ఎండడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

మామ లేచాడు. భుజం మీది కండువా తీసి అద్దానికి అడ్డంగా కట్టాడు.

"టేపు అయిపోతాందని వానికెట్ల తెలుస్తాది?" అన్నాడు ఇంజనీరు.

"నీది అరగంట కదా? మా వీదుల్లో అంతకంటే పొడుగువి ఉండాయి" అన్నాడు మామ. నా వైపు తిరిగి, "పల్లకీ లేసింది, కానీరా" అన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. భుజాన బరువు ఆనింది. రాగాన్ని నిదానంగా నడిపించాను. కీర్తనలో నాయన నన్ను అల్లరి పెడుతుంటే నేనూ ఆయన్ను అల్లరి పెట్టాను. స్వరాల్లోకి దిగాక ఒకచోట, ఇదే మూల అనిపించింది. అక్కడే తిప్పి, ముగించి, నాదస్వరం పీక నోట్లోంచి తీశాను.

తలుపు కొంచెం తెరుచుకుని, ఇంజనీరు తల ఒక్కటే కనిపించింది. "టేపు ఇంకో రెండు చుట్లు తిరిగి అయిపోయింది" అన్నాడు. వేలు మాత్రం ఎత్తలేదు, పాపం. అదే ఊపులో రెండో వైపు కూడా చీకటి పడకముందే నిండిపోయింది.

నాదస్వరం వాయించేవాడు తన వాద్యాన్ని ఎప్పుడూ వెనకనుంచే వింటాడు. ఎదురుగా నిలబడి వినే భాగ్యం లేదు. అందుకే ఇంజనీరు మొదటి వైపు వెనక్కి తిప్పి, ఆ చెవి గిన్నెలు ఇస్తానంటే నేను ఎగబడ్డాను. మామ నా చేయి పక్కకు నెట్టి తానే పెట్టుకున్నాడు. గోడకు ఆనుకుని అరగంటా విన్నాడు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. నేను ఆ ముఖం ముందే నిలబడ్డాను. టేపు ఆగింది.

మామ గిన్నెలు తీయలేదు. చెవులు మూసుకున్నవాళ్ళు అరిచినట్టు పెద్దగా అరిచాడు: "ఇంకోసారి పెట్టప్పా!"

మెట్లు ఎన్ని దూకానో తెలియదు, వీధిలో పడ్డాను. దుకాణం ముందు పూలమ్మే ఆమెతో, "అక్కా, మా మామ రెండోసారి వింటా ఉండాడు!" అన్నాను.

"వింటే వినినాడు. పూలు కావాల్నా?" అంది.

కావాలన్నాను. మూర మల్లెపూలు కొని, ఎవరికివ్వాలో తెలియక, పైకి పరుగెత్తి మా నాయన డోలుకు చుట్టాను.