కదలబాక, అయ్యా

అబిగయీలు రోజూ అల్లూరు నుంచి తొలి బస్సులో నెల్లూరు వస్తుంది. ప్రోస్టేట్ గ్రంథి నుంచి సూదితో చిన్న ముక్క తీసే పరీక్ష చేయించుకునే ముసలివాళ్ల చేతులు పట్టుకుని ఇరవై ఏళ్లు నర్సుగా పనిచేసింది. ఇప్పుడు కుర్ర డాక్టర్లు ఆ సూది వేయడం నేర్చుకునే గదిని చూసుకుంటోంది. అక్కడ రోగి ఉండడు. పెట్టెలో బిగించిన జెల్లీ దిమ్మ, దాని మధ్య గ్రంథి అచ్చు, అంతే. అయినా ఆమె దాని మీద దుప్పటి కప్పుతుంది. స్కానింగ్‌కు పూసే జెల్లు చల్లగా తగులుతుందని అరచేతుల్లో రుద్ది వెచ్చబెడుతుంది. సూది దిగే ముందు వంగి, "కదలబాక, అయ్యా" అంటుంది. డాక్టర్లు నవ్వుకుంటారు.

మొన్న మధ్యాహ్నం నరేంద్రబాబు వంతు. మర్నాడు అతను మొదటిసారి నిజం మనిషికి సూది వేయాలి. స్కానింగ్ తెర మీద రెండు తెల్ల గీతలు కనిపించేసరికి అతని చెయ్యి ఆగిపోయింది. "ఏది సూదో తెలీడంలేదక్కా" అన్నాడు. "కొంచెం ఆడించి చూడండి సార్. కదిలేది మీ సూది. కదలనిది ఎవురో ఎప్పుడో గుచ్చిపోయిన జాడ" అంది. ఆడించాడు. పై గీత కదిలింది. తేలిగ్గా నవ్వి సూది బయటికి లాగేశాడు. పై గీత మాయమైంది. కింది గీత వణకడం మొదలుపెట్టింది. నరేంద్రబాబు దిమ్మకు ఆనించిన స్కానింగ్ ప్రోబు వైపు చూశాడు. అది స్టాండుకు బిగించి ఉంది, దాని మీద ఎవరి చెయ్యీ లేదు. అబిగయీలు నింపాదిగా వంగి, "అయిపోయిందిలే. కదలబాక, అయ్యా" అంది. గీత నిలిచిపోయింది. ఆమె తెర ఆపేసి అతని వైపు తిరిగింది. "రేపు మీరూ మర్చిపోకుండా చెప్పండి సార్. వింటారు."